కబ్బన్ పార్కులో ఆదివారం సైకిల్ తొక్కాలంటే

ఆదివారాలు కబ్బన్ పార్కు లోపలి రోడ్ల మీదికి మోటారు బళ్లను రానివ్వరు. ఇంకేం, మనదే రాజ్యం అనుకుని బెంగళూరులో ఉద్యోగాలు చేసే మనవాళ్లు చాలామంది పొద్దున్నే సైకిలెక్కేస్తారు, నేనూ అలాగే ఎక్కాను. తీరా వెళ్తే హైకోర్టు ఎర్ర భవనం వైపు నుంచి సెంట్రల్ లైబ్రరీ దాకా జనమే జనం: నడిచేవాళ్లు, పరిగెత్తేవాళ్లు, స్కేటింగ్ పిల్లలు, కుక్కలు. స్పీడు మీద మోజుంటే నంది హిల్స్ వైపు వెళ్లండి, ఇది అందుకు చోటు కాదు.

గంటకు 20 కిలోమీటర్లంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. బంతి వెంట పిల్లాడు అడ్డం వచ్చాడని గుర్తించి చెయ్యి బ్రేకు మీదికి వెళ్లేలోపే ఆ దూరం అయిపోతుంది. అందుకే జనం ఉన్నచోట 10 దాటొద్దు, మరీ గుంపుగా ఉంటే దిగి నడిపించుకుంటూ వెళ్లండి, నామోషీ ఏం లేదు.

ఇక బెల్లు. దీన్ని ఎప్పుడు కొట్టాలో నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక పెద్దాయన వీపు దాకా వెళ్లి ట్రింగ్‌మనిపించాను, ఆయన ఉలిక్కిపడి సరిగ్గా నేను దాటబోతున్న కుడిపక్కకే గెంతాడు, నేను వెదురు పొదలో పడ్డాను. ఆయన తప్పేం లేదు, వెనక కళ్లుండవుగా. పది పదిహేను మీటర్ల దూరం ఉండగానే ఒక్కసారి కొట్టి, వేగం తగ్గించి, వాళ్లు తల తిప్పి చూశాక కుడివైపు నుంచి దాటండి. చూడలేదంటే చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నట్టే, ఇంకెంత మోగించినా దండగ, చేయి చాచినంత ఎడం వదిలి మెల్లగా పోవడమే. అన్నట్టు, 'స్వల్ప సైడ్ కొడి సార్' (కొంచెం దారివ్వండి సార్) అని కన్నడంలో ఒక్క మాట అన్నారనుకోండి, బెల్లు కంటే బాగా పనిచేస్తుంది, నవ్వుతూ జరుగుతారు.

కుక్క రోడ్డుకు ఒక పక్క, దాన్ని తెచ్చినాయన ఇంకో పక్క ఉంటే మధ్యలో దారి ఉందనుకోకండి. మోకాలెత్తులో బిగుసుకున్న తాడు ఉంటుంది, చెట్ల నీడలో అది కనబడి చావదు. ఆగండి, ఆయన తాడు లాక్కున్నాకే కదలండి.

నడిచేవాళ్లకూ ఒక మాట. నలుగురు వరసకట్టి రోడ్డంతా ఆక్రమించకుండా ఎడమ పక్కన ఇద్దరిద్దరుగా నడిస్తే చాలు. ఫోను చూడాలంటే రోడ్డు దిగి చూసుకోండి. బెల్లు వినబడితే మాత్రం అటూ ఇటూ గెంతొద్దు, నడిచే లైన్లోనే నడవండి, తప్పుకుని పోవాల్సింది సైకిల్ మీద ఉన్నవాడే.

వాన పడిన మర్నాడు చెట్ల కింద రాలిన ఆకులూ పూలూ సబ్బు రాసినట్టు జారతాయి, మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టకండి.