ఇడ, పింగళ, వెన్నుపాము: పోలిక ఎంతవరకు, నాడీశోధన ఎలా

తెలుగులో 'నాడి' అన్న ఒక్క మాట మూడు చోట్ల పనిచేస్తుంది. మణికట్టు పట్టుకుని చూసే నాడి రక్తనాళం కొట్టుకోవడం. స్కూలు పుస్తకంలోని నాడీ వ్యవస్థ అంటే మెదడు, వెన్నుపాము, నరాలు. హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథం చెప్పే 72,000 నాడులు ప్రాణం నడిచే దారులు. వాటిలో ముఖ్యమైనవి మూడు: ఎడమ ముక్కుతో ముడిపడిన ఇడ, కుడి ముక్కుతో ముడిపడిన పింగళ, నడుమ సుషుమ్న. 'నాడులంటే నరాలేగా' అనేయడంతోనే తికమక మొదలవుతుంది. శివసంహిత అనే మరో యోగ గ్రంథం లెక్క 3,50,000. శరీరం కోసి లెక్కపెట్టిన అంకెలైతే ఇంత తేడా రాదు. ఆర్యసమాజ స్థాపకుడు స్వామి దయానంద సరస్వతి గంగలో కొట్టుకొచ్చిన శవాన్ని కోసి, చక్రాల (వెన్ను పొడవునా ఉంటాయనే శక్తి కేంద్రాల) వర్ణనతో సరిచూసి, ఎక్కడా పొంతన కుదరక ఆ గ్రంథాల్ని శవంతో పాటే నీళ్లలో పారేశానని స్వీయచరిత్రలో రాసుకున్నారు. నిజానికి ఆ గ్రంథాలు గీసింది కళ్లు మూసుకుని కూర్చున్నవాడికి లోపల తోచే పటం. దాన్ని కత్తితో వెతికితే దొరకదు.

పోలిక చూసుకునేటప్పుడు ముందు వెన్ను దగ్గర మొదలుపెట్టండి. సుషుమ్న మూలాధారం (వెన్ను అడుగున ఉండే చక్రం) నుంచి నడినెత్తి దాకా వెళ్తుంది. వెన్నుపాము (ఈ మాటలోనే పాము ఉండటం తెలుగువాళ్ల అదృష్టం) పెద్దవాళ్లలో నడుములోని మొదటి రెండు పూసల దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి దిగేవి నరాల వేళ్లే. వెన్నెముకకి చెరో పక్కన మెడ నుంచి తోకఎముక దాకా సింపథెటిక్ గొలుసులు రెండు ఉంటాయి, చివర కలుస్తాయి. బొమ్మలో ఇడ, పింగళ లాగే కనిపిస్తాయి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఆ రెండు గొలుసులదీ ఒకటే పని: గుండెని ఉరికించడం, ఒంటిని అప్రమత్తం చేయడం. బ్రేకు వేసే పారాసింపథెటిక్ నరాలు అక్కడివి కావు. వాటిలో ముఖ్యమైన వేగస్ పుర్రె అడుగు నుంచి దిగుతుంది, మిగిలినవాటిలో కొన్ని తల నుంచే వస్తాయి, కొన్ని త్రికం (నడుము కింది ఎముక) దగ్గర పుడతాయి. కాబట్టి పింగళని కుడి గొలుసుకీ ఇడని ఎడమ గొలుసుకీ అంటగట్టకండి. పింగళ 'వేడెక్కించే పని', ఇడ 'చల్లబరిచే పని' అనుకుంటే పోలిక నిలబడుతుంది.

చక్రాల రేకుల్నీ నరాల కొమ్మలుగా లెక్కించకండి. ఆరు చక్రాల రేకులు 4, 6, 10, 12, 16, 2 కలిపితే 50. అవి సంస్కృత అక్షరాలు, ఒక్కో రేకు మీద ఒకటి.

పోలిక అన్నిటికంటే బాగా కుదిరేది ముక్కులో. సింపథెటిక్ నరాలు ఒక వైపు రక్తనాళాల్ని బిగిస్తే లోపలి పొర పలచబడి ఆ దారి తెరుచుకుంటుంది. పట్టు సడలితే పొర ఉబ్బి ఇరుకవుతుంది. వైపులు వంతులవారీగా మారుతుంటాయని 1895లో జర్మన్ వైద్యుడు రిచర్డ్ కైసర్ రాశాడు. ముక్కులో ఊపిరి నడకని చూసే స్వరశాస్త్రం రెండున్నర గడియలకోసారి, అంటే గంటకోసారి అంటుంది. అసలు మనుషుల్లో అంత గడియారం లెక్క ఉండదు, ఒకరికి అరగంట, ఇంకొకరికి కొన్ని గంటలు.

సాధన మొదలుపెట్టే ముందు ఏ వైపు తెరిచి ఉందో చూసుకోండి. స్టీలు పళ్లెం ఐదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీసి, ముక్కు కింద అడ్డంగా పట్టుకుని ఒక్కసారి మెల్లగా ఊపిరి వదలండి. రెండు ఆవిరి మచ్చలు పడతాయి. పెద్దగా పడి ఆలస్యంగా ఆరేది ఆ పూట తెరిచి ఉన్న వైపు. మూసుకున్న వైపు తెరవాలంటే రెండో వైపుకి ఒత్తిగిలి పది నిమిషాలు పడుకోండి. కిందికొచ్చిన వైపు నిండి, పైది తేలికవుతుంది. యోగులు యోగదండాన్ని (చేతికర్రని) చంక కింద ఆనించుకోవడం వెనక ఉన్నదీ ఇలాంటి కిటుకే.

ఇక నాడీశోధన, అంటే ముక్కులు మార్చి మార్చి ఊపిరి తీసే ప్రాణాయామం. తిన్నాక మూడు గంటలు ఆగండి. వెన్ను నిటారుగా పెట్టి కూర్చోండి, కుర్చీ అయినా ఫరవాలేదు. కుడిచేతి చూపుడు, మధ్య వేళ్లు మడవండి. బొటనవేలు కుడి ముక్కుకి, ఉంగరపు వేలు ఎడమ ముక్కుకి. ఎడమతో 4 సెకన్లు పీల్చి, కుడితో 6 సెకన్లు వదలండి. మళ్లీ కుడితోనే 4 పీల్చి, ఎడమతో 6 వదలండి. ఇది ఒక ఆవృత్తి, 20 సెకన్లు. తొమ్మిది చేస్తే సరిగ్గా మూడు నిమిషాలు, నిమిషానికి ఆరు ఊపిర్లు. ముక్కు మార్చేది పీల్చిన తర్వాతే, వదిలిన తర్వాత కాదు. లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే.

రెండు వారాలు గడిచాక 4 పీల్చి 8 వదలండి. కుంభకం (ఊపిరి బిగబట్టడం) జోలికి అప్పుడే వెళ్లొద్దు. ప్రదీపిక చెప్పే రోజుకి నాలుగు పూటలు, పూటకి 80 కుంభకాల లెక్క ఉద్యోగాలకి వెళ్లేవాళ్లకి సరిపడదు.

పని జరుగుతోందా అన్నది నాడి పట్టుకుంటే తెలుస్తుంది. ముక్కు మూయకుండా అదే లెక్కలో ఊపిరి తీస్తూ, ఎడమ మణికట్టు మీద బొటనవేలి వైపు మూడు వేళ్లు ఆనించండి. పీల్చేటప్పుడు దెబ్బలు దగ్గరపడతాయి, వదిలేటప్పుడు ఎడం పెరుగుతుంది. ఆ ఎడం వేగస్ పని. వదలడం పొడవుగా ఉండాలనేది అందుకే. వయసు పైబడినవాళ్లలో, షుగరు ఉన్నవాళ్లలో ఈ తేడా బాగా తగ్గిపోవచ్చు. ఏ ముక్కుతో పీల్చామన్నదాని ప్రభావం కన్నా, ఎంత నెమ్మదిగా పీల్చామన్నదాని ప్రభావమే స్పష్టంగా తెలుస్తుంది.

పెదాల చుట్టూ, వేళ్ల చివర జివ్వుమంటే కుండలిని (వెన్ను అడుగున నిద్రపోతుందనే శక్తి) లేచిందని సంబరపడకండి. అతిగా ఊపిరి తీస్తున్నారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతే మెదడు రక్తనాళాలు కుంచించుకుని కళ్లు తిరుగుతాయి, నరాలు ఊరికే ఉద్రేకపడి చిమచిమలాడతాయి. ఊపిరి చప్పుడు మీకే వినపడనంత చిన్నది చేయండి, రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. ఊపిరి చాలక నోరు తెరవాల్సి వస్తే లెక్కని 3 పీల్చి 4 వదిలేలా దించండి. ముక్కు గట్టిగా నొక్కితే ముక్కు మధ్య దూలం పక్కకి ఒరిగి రెండో దారీ ఇరుకవుతుంది. ఎముక కింది మెత్తటి రెక్క మీద వేలు ఆనిస్తే చాలు.

జలుబు చేసి ముక్కు దిబ్బడేస్తే ఆ నాలుగు రోజులు మానేయండి. బీపీ, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు ఊపిరి బిగబట్టకూడదు. ఒక చెయ్యో కాలో తిమ్మిరెక్కి అలాగే ఉండిపోతే అది నాడీశుద్ధి కాదు, నరాల డాక్టరుకి చూపించాలి. ఉన్నట్టుండి ఒక పక్క పట్టు తప్పినా, మూతి వంకరపోయినా ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.