మన భక్తిలో వేషధారణ ఉందేమో పరీక్షించుకోవడం ఎలా?

నెలలో మొదటి ఆదివారం మా చర్చిలో, రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరకు వెళ్లే ముందు, "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" అన్న మాట అయ్యగారు చదువుతారు. తర్వాత అర నిమిషం నిశ్శబ్దం. చాలా ఏళ్లపాటు ఆ అర నిమిషంలో నేను చేసిందల్లా కళ్లు మూసుకుని, "తెలిసీ తెలియక చేసిన పాపాలు క్షమించు ప్రభువా" అనుకోవడమే. తెలిసి చేసినవి ఏమిటో, ఎవరికి చేశానో ఒక్కసారి కూడా విడివిడిగా అనుకోలేదు. ఆ పరీక్షకు అర నిమిషం చాలదు. శనివారం రాత్రి కనీసం ముప్పావు గంట కావాలి.

ముందు వేషం అంటే ఏమిటో తేల్చుకోవాలి. యేసు ప్రభువు "వేషధారులారా" అన్నప్పుడు సువార్తలో ఉన్న గ్రీకు మాటకు నాటకాల్లో వేషం కట్టేవాడని అర్థం. తెనాలి నాటకాలు చూస్తూ పెరిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. జనం చూస్తున్నంతసేపే అతను రాజు. కాబట్టి బలహీనత వేరు, వేషం వేరు. కోపం ఆపుకోలేక పిల్లాణ్ని కొట్టడం బలహీనత. అదే రోజు సాయంత్రం కూడికలో పిల్లల్ని ప్రేమతో ఎలా పెంచాలో సాక్ష్యం చెప్పడం వేషం. ఈ తేడా తెలియకపోతే ప్రతి తప్పుకీ "నేను వేషధారిని" అని కుమిలిపోతాం, అసలు వేషం మాత్రం అలాగే ఉండిపోతుంది.

1. కూర్చోండి

ఒక నోట్‌బుక్, పెన్ను చాలు. ఫోన్ పక్క గదిలో పెట్టండి. ముందు ఆ వారంలో దేవుడు చేసిన మేళ్లు రెండు మూడు తలుచుకోండి. విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీ పేరులో ఉన్న కాథలిక్ గురువు లయోలా ఇగ్నేషియస్ 16వ శతాబ్దంలో నేర్పిన ఆత్మ పరిశీలన కూడా కృతజ్ఞతతోనే మొదలవుతుంది. ప్రేమించే తండ్రి ముందు కూర్చున్నామని గుర్తుంటే దాచాలనిపించదు. తర్వాత 139వ కీర్తన చివరి రెండు వచనాలు చదవండి. "దేవా, నన్ను పరిశోధించి" అని ఆయన్నే అడుగుతున్నాం. నా అంతట నేను వెతుక్కుంటే నాకు నొప్పి పుట్టని తప్పులే దొరుకుతాయి.

2. ఎవరికీ తెలియనివి రాయండి

మత్తయి 6లో ప్రభువు మూడింటి గురించి హెచ్చరించాడు: దానధర్మం, ప్రార్థన, ఉపవాసం. పేజీ మీద మూడు గడులు గీయండి. పోయిన నెలలో మీకూ దేవుడికీ తప్ప ఇంకెవరికీ తెలియకుండా చేసినవి ఏ గడిలో అవి రాయండి. నేను మొదటిసారి రాసినప్పుడు రెండు గడులు ఖాళీగా మిగిలాయి.

కానుక ఇచ్చాక నా పేరు చదవకపోతే మనసు చివుక్కుమందా? ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమదినాల్లో ఉపవాసం ఉన్నానని ఎంతమందికి, ఏ వంకతో తెలియజేశాను? "మీ కోసం ప్రార్థన చేస్తానండీ" అని ఎంతమందికి చెప్పాను, ఎంతమందికి చేశాను? ఈ చివరి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆ పేర్లే గుర్తు లేవు. అప్పటి నుంచి ఎవరైనా అడిగితే అక్కడే నిలబడి, ఫోన్లో అయితే ఫోన్లోనే, రెండు మాటల ప్రార్థన చేసేస్తున్నాను. తర్వాత చేస్తానన్నది అబద్ధం అయ్యే అవకాశమే ఉండదు.

3. మీ స్థానాన్ని బట్టి అడగండి

ఫాదర్ హయ్యర్ 1842లో వచ్చి లూథరన్ మిషన్ పెట్టిన గుంటూరు మాది. చిన్నప్పుడు మేం కంఠస్థం పెట్టిన లూథర్ చిన్న కేటకిజంలో (ప్రశ్న-జవాబులుగా ఉండే బోధ పుస్తకంలో), ఏ పాపాలు ఒప్పుకోవాలి అన్న ప్రశ్నకు జవాబు చాలా సూటిగా ఉంటుంది. పది ఆజ్ఞల వెలుగులో నీ స్థానాన్ని చూసుకో, నువ్వు తండ్రివా, తల్లివా, కొడుకువా, కూతురివా, యజమానివా, పనివాడివా అంటుంది. పరీక్షలో మార్కుల కోసం అప్పజెప్పిన ఈ మాట లోతు నాకు నలభై దాటాక అర్థమైంది. గుడిలో మన వేషం కనబడదు, ఎందుకంటే అక్కడ అందరం ఒకలాగే తెల్లబట్టల్లో ఉంటాం. మన మాటకు ఎదురు చెప్పలేని మనిషి దగ్గర కనబడుతుంది.

బ్రాడీపేటలో మా ఇంట్లో నెలకోసారి గృహకూడిక పెట్టేవాళ్లం. ఒక శుక్రవారం నేనే వాక్యం చెప్పాను, క్రీస్తులో మనమంతా ఒక్కటే అని. కూడిక అయ్యాక అందరికీ టీ ఇచ్చి, వంటింట్లోకి వెళ్లాను. ఇంట్లో పనికి వచ్చే ఆవిడ సింకు దగ్గర కప్పులు కడుగుతోంది. కిటికీ గట్టు మీద, ఊచల పక్కన, అంచు సొట్టబోయిన స్టీలు గ్లాసు ఒకటి బోర్లించి ఉంది. అది ఆవిడ గ్లాసు. నేను టీ పోయబోతే, తనే గ్లాసు అందుకుని, కెటిల్ తగలకుండా కాస్త కిందికి పట్టుకుంది. ఆరేళ్లుగా అలాగే పట్టుకుంటోంది. నాకంటే పదేళ్లు పెద్దది. గుడిలో ఆ వయసు వాళ్లను అక్కా అంటాను, ఆవిణ్ని మాత్రం పేరు పెట్టి పిలిచేదాన్ని.

అంతియొకయ పట్టణంలో యేసు శిష్యుడు పేతురు చేసింది ఇదే. యూదులు కాని అన్యజనులతో కలిసి భోజనం చేస్తూ, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు వచ్చేసరికి భయపడి వెనక్కి తగ్గాడు. గలతీ పత్రిక 2వ అధ్యాయం దాన్ని మాయవేషం అంటుంది. అపొస్తలుడి వేషం బయటపడింది కూడా భోజనం దగ్గరే. అందుకే నా ప్రశ్నల్లో ఇవి మొదట ఉంటాయి: నా ఇంట్లో ఎవరి గ్లాసు వేరుగా ఉంది? పిల్లల పెళ్లి మాట వచ్చినప్పుడు "విశ్వాసులైతే చాలు" అన్న నా నోరు, ఆ తర్వాత ఏం అడుగుతోంది?

వ్యాపారం చేసేవాళ్లు కాటా దగ్గర ఇదే ప్రశ్న వేసుకోవాలి. మిర్చి యార్డులో రైతు తెచ్చిన టిక్కీల (బస్తాల) మీద అడ్డగోలుగా తరుగు తీసి, అలా వచ్చిన డబ్బులో దశమ భాగం తప్పకుండా ఇస్తే అది ఏ లెక్కలోకి వస్తుంది? పుదీనా, సోపు, జీలకర్రలో కూడా పదో వంతు లెక్కగట్టి, న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసినవాళ్లతోనే కదా ప్రభువు అంత కఠినంగా మాట్లాడింది.

4. ఇంట్లో ఒకరిని అడగండి

భర్తనో భార్యనో, పదేళ్లు దాటిన పిల్లల్నో అడగండి: "గుడిలో నేను, ఇంట్లో నేను ఎక్కడ తేడాగా ఉంటాను?" వాళ్లు చెబుతున్నంతసేపు మధ్యలో మాట్లాడొద్దు. "అది కాదు నాన్నా, ఆ రోజు ఏమైందంటే" అన్నారంటే వాళ్లు ఇంకెప్పుడూ చెప్పరు. మా అమ్మాయి నాతో అన్న మాట: "నువ్వు ప్రార్థనలో వాడే గొంతు వేరమ్మా." రెండు రోజులు నాకు ప్రార్థన చేయడానికే మొహం చెల్లలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొందరికి ఈ పరీక్ష అదే పనిగా సాగి, ఒప్పుకున్న పాపమే మళ్లీ మళ్లీ గుర్తొచ్చి, నిద్ర పట్టక టెన్షన్ మొదలవుతుంది. అలాంటివాళ్లు ఒంటరిగా కూర్చోవడం ఆపేసి, నమ్మకమైన పాస్టరు గారితోనో ఫాదర్‌తోనో మాట్లాడాలి. అవసరమైతే డాక్టరుకూ చూపించుకోవాలి. "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్న సుంకరి (పన్ను వసూలు చేసేవాడు), ప్రభువు చెప్పిన కథలో, నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లాడు. ఆ ఒక్క మాటే అతను చెప్పింది.

5. ఒక్కదాన్ని సరిచేయండి

రాసినవాటిలో ఒకటే తీసుకోండి. దాని పక్కన మనిషి పేరు, రోజు రాయండి. గుణదల మాత ఉత్సవాలకు ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు కొండెక్కేవాళ్లు, పాపసంకీర్తనకు (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) ముందే ఈ పని పూర్తి చేసుకుంటే మంచిది. అర్పణ బలిపీఠం ముందే విడిచిపెట్టి, మొదట వెళ్లి సహోదరుడితో సమాధానపడమన్నాడు ప్రభువు. పన్నులు వసూలు చేసే జక్కయ్య అయితే అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. డబ్బు బాకీ డబ్బుతోనే తీర్చాలి. మాటతో అవమానిస్తే మాటతోనే, వీలైతే ఆ రోజు విన్నవాళ్ల ముందే, క్షమాపణ అడగాలి.

సొట్ట గ్లాసు తీసేయడం నాకు నిమిషం పని. తప్పు చేశానని ఆవిడతో చెప్పడానికి మూడు వారాలు పట్టింది. అక్కా అని మొదలుపెట్టేసరికే ఆవిడ కంగారుపడింది. "ఇప్పుడు అవన్నీ ఎందుకమ్మా, టీ చల్లారిపోద్ది" అంది. నేను డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీ లాగి, ఇద్దరికీ ఒకేలాంటి కప్పుల్లో పోశాను. ఆ రోజు ఆవిడ నిలబడే తాగింది. ఇప్పుడు కొన్ని రోజులు కూర్చుంటుంది, కొన్ని రోజులు పనుందంటుంది. కుర్చీ మాత్రం రోజూ లాగే ఉంచుతున్నాను.