విదేశాల్లో ఇంగ్లిష్ టీచర్ కొలువు – ఐదో పాఠం: ఇరవై నిమిషాల డెమో, దాని వెనక కాగితాలు

పోయిన పాఠంలో సర్టిఫికెట్ల సంగతి చూశాం. కేంబ్రిడ్జి వాళ్ల సెల్టా అనే ఇంగ్లిష్ బోధన కోర్సులో కనీసం 120 గంటల శిక్షణ ఉంటుంది, అందులో నిజమైన విద్యార్థుల ముందు నిలబడి ఆరు గంటలు పాఠం చెప్పాలి. ఆన్‌లైన్‌లో దొరికే 120 గంటల టెఫెల్ (ఇంగ్లిష్ పరాయి భాష అయినవాళ్లకు దాన్ని నేర్పే శిక్షణ) కోర్సుల్లో చాలావాటికి ఆ ఆరు గంటలే ఉండవు. సరే, కోర్సు ఏదైనా కానీ, ఇంటర్వ్యూలో స్కూలువాళ్లు చివరికి అడిగేది ఒకటే: ఓ ఇరవై నిమిషాలు డెమో చెప్పండి. నల్లగొండ, పాలమూరు ప్రైవేటు స్కూళ్లలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవాళ్లు కూడా ఇక్కడే దెబ్బ తింటున్నారు. చెప్పడం రాక కాదు, మరీ ఎక్కువ చెప్పి.

మన దగ్గర పాఠమంటే సారు మాట్లాడటమే. బోర్డు నిండా రూలు రాయాలి, తెలుగులో విడమరచాలి, పిల్లలు నోట్సులోకి ఎక్కించుకోవాలి. గొంతు ఎంత పెద్దదైతే అంత మంచి సారు. డెమో చూసేవాళ్లు మాత్రం మీ గొంతు వినరు, విద్యార్థి ఎంతసేపు మాట్లాడాడో చూస్తారు.

ఒక ఉదాహరణతో పోదాం. పాఠం: ‘యూజ్డ్ టు’. రూలుతో మొదలుపెట్టకండి. బోర్డు మీద ఎడమవైపు ఒక బస్సు బొమ్మ, కుడివైపు ఒక బైకు బొమ్మ గీయండి. బొమ్మలు వంకరగా వచ్చినా నష్టం లేదు, నవ్వితే ఇంకా మంచిది. రవి అనే కుర్రాడు దేవరకొండ నుంచి నల్లగొండ కాలేజీకి రోజూ బస్సులో పోయేవాడు, ఇప్పుడు బైకు కొన్నాడు. రెండు బొమ్మలు చూపిస్తూ ఒక్క వాక్యం చెప్పండి: ‘రవి యూజ్డ్ టు గో టు కాలేజ్ బై బస్.’

ఇప్పుడు చాలామంది చేసే పని, ‘డు యూ అండర్‌స్టాండ్?’ అని అడగడం. వెనక బెంచీ నుంచి ‘యెస్ సార్’ అని కోరస్ వస్తుంది, అర్థమైందో లేదో ఆ దేవుడికే తెలియాలి. ఆ ప్రశ్న పూర్తిగా మానేయండి. దాని బదులు మూడు చిన్న ప్రశ్నలు వేయండి. ‘డజ్ రవి గో బై బస్ నౌ?’ నో. ‘డిడ్ హీ గో బై బస్ బిఫోర్?’ యెస్. ‘వన్స్, ఆర్ మెనీ టైమ్స్?’ మెనీ టైమ్స్. శిక్షణలో వీటిని కాన్సెప్ట్ చెకింగ్ ప్రశ్నలు అంటారు. ఇందులో కిటుకు ఏమిటంటే, నేర్పుతున్న ‘యూజ్డ్ టు’ ప్రశ్నలోకి రాకూడదు. అది తెలియని పిల్లాడిని దానితోనే పరీక్షిస్తే ఏం తేలుతుంది? జవాబు ఒకటి రెండు మాటల్లో రావాలి. ఈ మూడు ప్రశ్నలూ ముందు రోజే కాగితం మీద రాసుకోవాలి. అప్పటికప్పుడు తయారుచేద్దామనుకుంటే, తడబడి మళ్లీ లెక్చర్‌లోకి జారిపోతారు.

అర్థం తేలాక ఉచ్చారణ, ఆ తర్వాతే రాత. పలికేటప్పుడు ‘యూజ్డ్’లోని ‘డ్’ వినపడదు, ‘యూస్టు’ అని ఒకే మాటలా వస్తుంది. ముందు మీరు రెండు సార్లు అనండి, తర్వాత అందరిచేత, ఆ తర్వాత ఒక్కొక్కరిచేత అనిపించండి. ఇది అయ్యాక బోర్డు మీద రాయండి. ముందే రాస్తే పిల్లలు అక్షరాలు చూసి ‘యూజ్‌డ్ టూ’ అని విడగొట్టి చదువుతారు.

ఇక అభ్యాసం. ‘చిన్నప్పుడు మీరు ఏం చేసేవారో పక్కవాళ్లకు చెప్పండి’ అని కాగితాలు పంచుతారు. కాగితం చేతికిచ్చి అప్పుడు సూచన చెప్పకండి, కాగితం అందిన క్షణం నుంచి ఎవరూ మీ మాట వినరు. సూచన ముందు, కాగితం తర్వాత. వాళ్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరి తప్పులు దిద్దడం మన అలవాటు. చేతులు వెనక్కి కట్టుకుని తిరగండి, విన్నవి రాసుకోండి. చివర్లో రెండు మంచి వాక్యాలు, రెండు తప్పు వాక్యాలు పేర్లు లేకుండా బోర్డు మీద పెట్టి, తప్పెక్కడో వాళ్లచేతే పట్టించండి. డెమోకు మార్కులు పడేది చాలావరకు ఈ చివరి ఐదు నిమిషాలకే అని నా అభిప్రాయం. చాలామంది అక్కడిదాకా చేరనే చేరరు, టైమ్ అయిపోతుంది.

యాస గురించి ఒక్క మాట. అమెరికా యాస తెచ్చిపెట్టుకోకండి, వినేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. మాట చివర ‘ఉ’ చేర్చడం (బస్సు, బుక్కు), ‘వెరీ’, ‘వెల్’ రెంటికీ ఒకే ‘వ’ పలకడం, ఈ రెండూ సరిచేసుకుంటే చాలు.

ఎక్కడ వెతకాలి? ఇక్కడ మొహమాటం లేకుండా చెప్తాను. మన పాస్‌పోర్టుకు అన్ని తలుపులూ తెరుచుకోవు. దక్షిణ కొరియా భాషా ఉపాధ్యాయుల వీసా ప్రధానంగా ఏడు ఇంగ్లిష్ దేశాల పౌరులకు. 2010 నుంచి అమల్లో ఉన్న భారత్–కొరియా ఆర్థిక ఒప్పందం కింద డిగ్రీ, ఇంగ్లిష్ బోధనార్హత ఉన్న భారతీయులకు సహాయక ఉపాధ్యాయులుగా ఒక దారి ఉంది గానీ అది సన్నది. చైనా కూడా ఇంగ్లిష్ నేర్పే పోస్టులకు సాధారణంగా ఇంగ్లిష్ దేశాలవాళ్లనే తీసుకుంటుంది. థాయ్‌లాండ్‌లో మనలాంటివాళ్లను తీసుకుంటారు, డిగ్రీతో పాటు టోయిక్ లాంటి ఇంగ్లిష్ పరీక్షలో స్కోరు అడుగుతారు. గల్ఫ్‌లో సీబీఎస్ఈ స్కూళ్లు చాలా ఉన్నాయి. అక్కడ టెఫెల్ కంటే బీఈడీకే విలువ. బీఈడీ ఉన్నవాళ్లు కోర్సు ఫీజు కట్టేముందు అక్కడి ప్రకటనలు చదవండి.

కాగితాల దగ్గర మనవాళ్లకు వచ్చే పెద్ద చిక్కు పేరు. పదో తరగతి మెమోలో ‘కె. శ్రీనివాస్’ అని ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, డిగ్రీలో ఇంకో స్పెల్లింగ్. విదేశీ ఆఫీసులో కూర్చున్న గుమాస్తాకు ఆ పొడి అక్షరం సంగతి ఎలా తెలుస్తుంది? మూడూ ఒక టేబుల్ మీద పరిచి అక్షరం అక్షరం పోల్చుకోండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి, ఉద్యోగం వచ్చాక టైమ్ ఉండదు. ప్రొవిజనల్ సర్టిఫికెట్ పనికిరాదు, ఒరిజినల్ డిగ్రీ (ఓడీ) కావాలి. నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీ 2007లో, పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. అంతకుముందు ఈ జిల్లాల్లో డిగ్రీ చేసినవాళ్లు చాలామంది ఓడీ కోసం ఉస్మానియాకే పోవాలి. తర్వాత రాష్ట్ర స్థాయి అటెస్టేషన్, ఆపైన విదేశాంగ శాఖ. ఒమన్, సౌదీ లాంటి దేశాలకు అపోస్టిల్ ముద్ర (విదేశాంగ శాఖ వేసే ధ్రువీకరణ) సరిపోతుంది, యూఏఈకి ఎంబసీ దాకా పోవాలి.

ఏజెంట్ దగ్గరికి పోతే, లైసెన్సు ఉందో లేదో కేంద్ర సర్కారు ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడండి. సర్వీసు ఛార్జీకి చట్టం పెట్టిన పరిమితి రూ.30,000, దానిమీద జీఎస్టీ. ‘విజిట్ వీసా మీద వచ్చేయ్ తమ్మీ, అక్కడ మార్పిస్తం’ అన్నవాడికి అక్కడే దండం పెట్టి లేవండి. డిగ్రీ ఉన్నవాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (విదేశీ కొలువుకు పోయేముందు సర్కారు ఇచ్చే అనుమతి) అక్కర్లేదు. అంటే మీ కాంట్రాక్టును మీ బదులు సర్కారు ముందుగా చూడదు. జీతం, వసతి, తిరుగు టికెట్, మధ్యలో మానేస్తే ఏమిటి, ఇవన్నీ మీరే చదువుకోవాలి.

ఈ వారం పని: ‘యూజ్డ్ టు’ కాకుండా ‘టూ మచ్’, ‘ఇనఫ్’ తీసుకుని మూడు ప్రశ్నలు రాయండి. వాడకట్టు పిల్లలను ఐదారుగురిని కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు పాఠం చెప్పి ఫోన్‌లో రికార్డు చేయండి. వింటూ, మీ గొంతు వినిపించిన నిమిషాలు ఒకవైపు, పిల్లలవి ఒకవైపు రాసుకోండి. మీవి సగం కంటే తక్కువయ్యేదాకా అదే పాఠం మళ్లీ చెప్పండి. ఆ రికార్డింగ్ దాచిపెట్టుకోండి. బయోడేటా రాసే ఆరో పాఠంలో దానితో పనుంది.