డోలు దెబ్బకు పగిలిన రికార్డింగ్: నా అనుభవం

నెల్లూరు రంగనాయకుల గుడి దగ్గర నాదస్వర కచేరీని చేతి రికార్డరులో తీశాను. సన్నాయి శుభ్రంగా వచ్చింది, డోలు దెబ్బ పడ్డప్పుడల్లా మాత్రం శబ్దం పగిలింది. రికార్డరు మీటరేమో మైనస్ 8 డీబీ (డెసిబెల్) దాటనే లేదు, హద్దు సున్నా కదా!

తప్పు రికార్డింగ్ స్థాయిని సర్దే లెవెల్ చక్రానిది కాదు. మైకు సెన్సిటివిటీ స్విచ్ 'హై'లో ఉంది. లెవెల్ చక్రం కంటే ముందుండే ప్రీఆంప్‌లోనే (మైకు సిగ్నల్‌ను పెంచే భాగం) శబ్దం హద్దు దాటి తెగిపోతోంది. అక్కడ తెగింది చక్రం తగ్గిస్తే అతకదు. స్విచ్ 'లో'కి మార్చి, డోలు గట్టిగా వాయించే చోట మీటరు మైనస్ 12 దగ్గర ఆగేలా చక్రం పెట్టాను. 24 బిట్లలో (శబ్దాన్ని మరింత సూక్ష్మంగా కొలిచే అమరిక) తీస్తే ఆ కాస్త తక్కువతనం వల్ల నష్టమేమీ లేదు, తర్వాత పెంచుకోవచ్చు.

ఆటో లెవెల్ (రికార్డరే స్థాయిని సర్దుకోవడం) ఆపాల్సిందే. లేకుంటే దెబ్బ పడగానే శ్రుతి మునిగి, మళ్లీ మెల్లగా తేలుతుంది, వినలేం. లోకట్ (మంద్ర శబ్దాలను కోసేసే స్విచ్) వేస్తే డోలు గుమ్మనే మోత పోతుంది. పెన్నా గాలికి మైకు మీద బొచ్చు తొడుగే మందు.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో వేవ్ ఫైలు (కుదించని ఆడియో) గంటకు సుమారు 1 జీబీ. మిక్సర్ నుంచి తీసుకుంటే లైన్ ఇన్‌లోనే (బలమైన సిగ్నల్ కోసం ఉండే రంధ్రం) గుచ్చండి, మైకు రంధ్రంలో కాదు.