‘గిరీశం లేడు’ అన్న వాక్యాన్ని విప్పడం ఎలా?

కల్పిత పేర్లకు అర్థం ఎక్కణ్ణుంచి వస్తుందన్న చర్చ ఎక్కడ మొదలైనా పది నిమిషాల్లో ఒకేచోట చెడుతుంది. ఒకరు ‘లేనివాడి గురించి మాటలేంటి, అంతా అర్థం లేనిదే’ అంటారు. ఇంకొకరు ‘అర్థమవుతోందంటే ఎక్కడో ఉన్నట్టే’ అంటారు. రెండూ తొందరపాటే. ‘గిరీశం లేడు’ లాంటి వాక్యాన్ని విప్పే పని చాలామంది చేత చేయించాను, చాలామంది పాడుచేయడమూ చూశాను. కాబట్టి కింద చెప్పిన వరసలోనే చేయండి.

కావలసినవి కాగితం, పెన్సిలు, ఒక కల్పిత పేరు. పెన్ను వద్దు, చెరపాల్సి వస్తుంది. పురాణాల పేర్లు అస్సలు వద్దు, ‘ఉన్నాడా లేడా’ అనగానే చర్చ కాస్తా గొడవవుతుంది. సినిమా పాత్రలూ వద్దు, హీరో ముఖం అడ్డొస్తుంది. ఇంగ్లిష్ పుస్తకాలన్నీ షెర్లాక్ హోమ్స్‌ని పట్టుకుని వేలాడతాయి. కన్యాశుల్కంలో గిరీశం ఉండగా మనకు లండన్ దాకా ఎందుకు?

ముందు నాలుగు వాక్యాలు రాయండి. ఒకటి, గిరీశం వెంకటేశానికి చదువు చెప్పాడు. రెండు, గిరీశాన్ని గురజాడ సృష్టించారు. మూడు, గిరీశం మా బావకంటే మాటకారి. నాలుగు, గిరీశం లేడు.

తర్వాత ప్రతి వాక్యం ముందూ ‘నాటకంలో’ అని తగిలించి చదవండి. మొదటిది నిలబడుతుంది. రెండోది పడిపోతుంది, ఎందుకంటే నాటకం లోపల గిరీశాన్ని ఎవరూ సృష్టించలేదు, అక్కడ అతను మామూలు మనిషే. అంటే రెండో వాక్యంలో ఉన్నది పాత్ర. మూడోదాంట్లో బావ నాటకంలో లేడు కాబట్టి కొంచెం సర్దాలి: నాటకం గిరీశానికి ఇచ్చిన మాటకారితనం మా బావకున్నదానికంటే ఎక్కువ. ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

ఇక నాలుగోది. ఇక్కడ నెమ్మదించండి.

తెలుగులో ‘లేడు’ ఒక్క మాట కాదు, కనీసం మూడు. తలుపు కొడితే ‘లేడు, బజారుకెళ్లాడు’ అంటాం. పోయినవాళ్ల గురించి ‘మా నాన్నగారు లేరు’ అంటాం. ఆ రెండు చోట్లా మనిషి ఉన్నాడు లేదా ఉండేవాడు. మనకు కావలసిన ‘లేడు’ మూడోది: ఎప్పుడూ, ఎక్కడా లేడు. అనుమానమొస్తే వాక్యం చివర ‘ఒకప్పుడు ఉండేవాడు’ అని చేర్చి చూడండి. అతికితే అది మన ‘లేడు’ కాదు. ఈ చిన్న పరీక్ష చేయకుండా వాదనలోకి దూకేవాళ్లను చూస్తే నాకు బీపీ పెరుగుతుంది.

వెంటనే ఇంకో గొయ్యి ఉంది. చాలామంది ‘గిరీశం అనేవాడు లేడు’ అని తిరగరాసి, అంటే ఆ పేరున్నవాడు లేడని అర్థం, పని అయిపోయింది అంటారు. ఒకసారి ఇలాగే తేల్చేసిన మరుక్షణం వెనక బెంచీలోంచి ఒకాయన ‘మా వీధిలో గిరీశం గారున్నారండీ, బీమా ఏజెంటు’ అన్నాడు. వాక్యం అబద్ధమైపోయింది! కానీ ఆ ఏజెంటుకూ మన వాక్యానికీ సంబంధమే లేదు.

పేరు బదులు వర్ణన పెట్టడం మరో దారి. ఇంగ్లిష్ తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ 1905లో చూపించిన పద్ధతిని పేర్లకూ వర్తింపజేస్తే, ‘వెంకటేశానికి చదువు చెప్పి, బుచ్చమ్మ వెంటపడిన మాటకారి ఒకడున్నాడన్నది అబద్ధం’ అని వస్తుంది. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. అయితే అచ్చం అలాంటివాడే విజయనగరంలో నిజంగా ఉండేవాడని రేపు ఓ పాత దస్తావేజులో బయటపడిందనుకోండి. గురజాడకు అతని ఊసే తెలియదు. అతను గిరీశమా? కాదు, కాకతాళీయం. అమెరికన్ తత్వవేత్త సాల్ క్రిప్కే పట్టుబట్టింది సరిగ్గా ఇక్కడే. వర్ణన సరిపోయినంత మాత్రాన పేరు అతుక్కోదు.

మన నైయాయికుల, అంటే న్యాయ దర్శనం తార్కికుల, పద్ధతి నాకు ఇంకా ఇష్టం. కుందేటి కొమ్ము లేదు అంటే లేని కొమ్ము గురించి మాట్లాడినట్టు కాదంటారు వాళ్లు. కుందేలు ఉంది, కొమ్ములూ లోకంలో ఉన్నాయి, కుందేటికి కొమ్ము లేదు, అంతే. గొప్ప ఉపాయం. కానీ కుందేటి కొమ్ము రెండు ముక్కలు. గిరీశాన్ని ఎలా విరుస్తారు?

కాబట్టి నేను చేయించేది ఇది. పేరు పట్టుకుని వెనక్కి నడవండి. ఈ పేరు మీకెవరు చెప్పారు? మాస్టారు. ఆయనకు? అచ్చులో ఉన్న నాటకం. అది 1897లో అచ్చయింది, అంతకుముందు 1892లో విజయనగరంలో ఆడారు. ఇంకా వెనక్కి వెళ్తే గురజాడ కలం దగ్గర ఆగిపోతారు. అక్కడ పేరు పెట్టించుకున్న మనిషి ఎవరూ లేరు, ఉన్నట్టు నటిస్తూ రాసిన రాత ఉంది. ‘గిరీశం లేడు’ నిజం కావడానికి అదే కారణం. ‘ఫలానా ఆయన్ని చూసి రాశారట’ అని ఎవరైనా అంటే కంగారు పడకండి. నమూనాగా నిలబడటం వేరు, ఆ పేరు తనదవడం వేరు.

తమాషాగా అదే 1892లో జర్మనీలో గొట్‌లోబ్ ఫ్రేగె అనే తర్కవేత్త, పేరుకు భావం ఉండి కూడా అది చూపే వస్తువు లేకపోవచ్చని, ఒడిస్సియస్‌ని ఉదాహరణగా తీసుకుని రాశాడు. కావ్యం వింటున్నప్పుడు మనకు ఆ లోటు పట్టదన్నాడు. నిజమే. కానీ ‘లేడు’ అన్న మాట మనం కావ్యం వింటూ అనేది కాదు కదా.

చివరగా పేరు రకం సరిచూడండి. బుధుడి కక్ష్యలో తేడాకు కారణం చెప్పడానికి 1859లో ఫ్రెంచి ఖగోళవేత్త లె వెరియె ఒక గ్రహం ఉండాలని లెక్కగట్టాడు, దానికి వల్కన్ అని పేరొచ్చింది. 1915లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం ఆ తేడాను గ్రహం అక్కర్లేకుండానే వివరించింది. వల్కన్ పేరుతో వెనక్కి నడిస్తే నటన తగలదు, పొరపాటు తగులుతుంది. అలాంటి పేర్లకు ‘నాటకంలో’ తగిలించకండి. వాటికి వేరే కాగితం తీసుకోండి.