సీసంతో పని చేసేవారు రక్త పరీక్షకు వచ్చే ముందు

నేను హనుమకొండలో ల్యాబ్ టెక్నీషియన్‌ను. వరంగల్ ఆటోనగర్ నుంచి పాత బ్యాటరీలు విప్పేవారు, రేడియేటర్లకు టంకం పెట్టేవారు వస్తుంటారు. నీరసం, మలబద్ధకం, కడుపులో మెలిపెట్టే నొప్పి అంటారు. చీటీలో హిమోగ్లోబిన్ పరీక్ష ఒక్కటే ఉంటుంది. డాక్టరు అడగకపోయినా మీరు చేసే పని చెప్పండి. రక్తంలో సీసం ఎంతుందో చూసే పరీక్ష రాయమని అడగండి.

హిమోగ్లోబిన్ బాగుందని ధీమా పడవద్దు. హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగమైన హీమ్ తయారీకి కావలసిన ఎంజైములను సీసం ముందే అడ్డుకుంటుంది. పెద్దవారిలో హిమోగ్లోబిన్ తగ్గుదల మాత్రం సాధారణంగా రక్తంలో సీసం డెసిలీటరుకు (100 మి.లీ.కు) 50 మైక్రోగ్రాముల దగ్గరకు చేరితే గాని బయటపడదు. 5 ఉన్నా సరే, సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. ఈ రెండు అంకెల మధ్య ఉన్నవారి గురించే నా దిగులు. రిపోర్టు చూసుకుని నిశ్చింతగా మళ్లీ పనిలోకి వెళ్లిపోతారు.

స్మియర్, అంటే గాజు పలక మీద పలచగా పూసిన రక్తం, కూడా చూడమనండి. లీష్మన్ రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే కొన్ని ఎర్రకణాల నిండా నీలిపొడి చల్లినట్టు సన్నని చుక్కలు కనిపిస్తాయి. కణం ఎదిగేటప్పుడు విరిగిపోవలసిన ఆర్‌ఎన్‌ఏ అనే పదార్థం, సీసం వల్ల అలా పేరుకుపోతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇ.డి.టి.ఎ. అనే మందు వేసిన ట్యూబులో నిలవున్న రక్తంలో ఈ చుక్కలు మాయం కావచ్చు. అందుకే వేలి నుంచి తీసిన తాజా రక్తం మేలు. చుక్కలు లేనంత మాత్రాన సీసం లేదని కాదు. చుక్కలున్నంత మాత్రాన సీసమే అనీ కాదు, పుట్టుకతో వచ్చే రక్తజబ్బు తలసీమియాలోనూ ఇవి ఉంటాయి.

సీసం పరీక్షకు నరం నుంచే రక్తం ఇవ్వండి. షెడ్డు నుంచి నేరుగా రాకండి. స్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకుని, చెయ్యి సబ్బుతో కడుక్కుని రండి. చర్మం మీది ధూళి నమూనాలో పడితే అంకె తప్పుతుంది. రక్తంలోని సీసం సుమారు నెలకు సగమవుతుంది, ఎముకల్లోనిది ఏళ్ల తరబడి ఉంటుంది. కాబట్టి నెల సెలవు తర్వాత అంకె దిగితే ఒళ్లు శుభ్రపడినట్టు కాదు.

బెల్లం, పాలు సీసానికి విరుగుడు కావు. ఇనుము, కాల్షియం తక్కువైతే ఒంట్లోకి సీసం మరింత చేరుతుంది కనుక తిండి సరిగా తినండి. అంతకన్నా ముఖ్యం, షెడ్డును పొడిగా ఊడవకుండా తడిగుడ్డతో తుడవడం, అక్కడ బీడీ, టీ, అన్నం మానడం. పని బట్టలతో ఇంటికి వెళ్లి పిల్లలను ఎత్తుకోకండి. మీ అంకె ఎక్కువగా వస్తే వాళ్లకూ పరీక్ష చేయించండి.