పిండి సంచితో గౌను కుట్టడం

1930ల మాంద్యంలో అమెరికా పల్లెల్లో ఆడవాళ్లు పిండి సంచులు, దాణా సంచులు విప్పి పిల్లలకు గౌన్లు కుట్టారు. నేను టైలర్‌ని, అందుకే ఆ పద్ధతి చెబుతున్నా. నూలు సంచి దొరికితే ఇప్పుడూ పనికొస్తుంది.

ముందు మూతి కుట్టు విప్పాలి. అది గొలుసు కుట్టు. సరైన కొస పట్టుకుని లాగితే మొత్తం ఊడిపోతుంది, కత్తెర పెట్టకండి. ఆ దారం చుట్టి దాచండి. వాళ్లు దాంతో క్రోషే అల్లుకునేవారు.

అసలు కష్టం కంపెనీ పేరు అచ్చుతోనే. దాని మీద పంది కొవ్వో కిరోసినో రాసి, రాత్రంతా ఉంచి, పొద్దున సబ్బుతో ఉతికేవారు. కిరోసిన్ అయితే పొయ్యి దగ్గర పెట్టకండి. ఒక్క ఉతుకుతో పోదు, విసుక్కోవద్దు. తర్వాత తర్వాత కంపెనీలే సంచుల మీద పూల డిజైన్లు వేసి, పేరును నీళ్లకు ఊడే కాగితం మీద అచ్చేసి అంటించాయి. ఈ సంగతి తలుచుకుంటే నాకు మనసు నిండిపోతుంది.

వంద పౌండ్ల సంచి విప్పితే గజానికి కాస్త పైన గుడ్డ వస్తుంది. చంటిపిల్ల గౌనుకు ఒకటి చాలు, పెద్దవాళ్లకు మూడు దాకా కావాలి. అందుకే ఒకే డిజైన్ సంచుల కోసం వెతికేవారు. కత్తిరించే ముందు గుడ్డ తడిపి ఆరేయండి, నూలు కుంచించుకుపోతుంది. కింది అంచు మడత నాలుగు వేళ్లు వదలండి, పిల్ల ఎదిగితే దించుకోవచ్చు. మిగిలిన ముక్కలు బొంతకు.